గాలి చొరని గది

ఆ చలికాలం మా అత్తయ్య గాలితో పగ పెట్టుకున్నారు. నేనప్పుడు కడుపుతో ఉన్నాను. ఏళ్ళ తరబడి ఎదురుచూసి, ఇక ఆ మాటెత్తడం కూడా మానేశాక నిలిచిన కడుపు. అందుకని ఇంట్లో అందరి ధ్యాసా రెండు విషయాల మీదే ఉండేది. నాకు చలి తగలకూడదు, బిల్లు పెరగకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగేవి కావు. అయినా మా అత్తయ్య పట్టుబట్టి పొసగించారు. ఎంత బాగా పొసగించారంటే, ఇవాళ్టికీ ఏ గదిలో పడుకున్నా నేను తలుపు పూర్తిగా వేసుకోలేను.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. చేసిందంతా ఆవిడొక్కరే కాదు. ముగ్గురం కలిసి, నవ్వుకుంటూ చేశాం.

ఆ ఏడు గ్యాసు, కరెంటు రెండింటి ధరా పెంచారు. మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. జనం చేతులకు గడియారాలు పెట్టుకోవడం తగ్గించేశారు కాబట్టి ఆ పని కూడా అంతంత మాత్రమే. దుకాణంలో దీపం ఖర్చెందుకని బల్లా, భూతద్దం ఇంటికే తెచ్చేసుకున్నాడు. నేను లాండ్రీలో ఇస్త్రీ పని చేసేదాన్ని. ఇంటి పెత్తనమంతా అత్తయ్యది. ఆవిడ పొద్దున్నే లేచి, శాలువా కప్పుకుని, టార్చి పట్టుకుని మెట్ల కిందున్న మీటరు దగ్గరికి వెళ్ళేవారు. రోగి నాడి చూసొచ్చినట్టు తిరిగొచ్చి, "ఇవాళ కాస్త నెమ్మదించింది," అనేవారు. మా మేడలో అందరూ ఆవిడను మీటరత్త అని పిలిచేవాళ్ళు. ఆ పేరు విని ఆవిడ మూతి ముడుచుకునేవారు గానీ, లోపల్లోపల మురిసిపోయేవారని నాకు తెలుసు.

"మూత పెట్టకుండా నీళ్ళు కాచేదెవరు? వీధికి స్నానం చేయిస్తున్నావా?" అనేవారు. అన్నం పూర్తిగా ఉడక్కముందే పొయ్యి ఆర్పేసి, మిగతాది ఆ వేడికే మగ్గనిచ్చేవారు. ఫ్రిజ్ దగ్గర నేనొక క్షణం నిలబడితే చాలు, వంటింట్లోంచి గొంతు వచ్చేది. "తలుపు తీసి ఆలోచించకు అమ్మాయ్, ఆలోచించుకుని తలుపు తియ్యి!"

నిజం చెప్పొద్దూ, ఆవిడ చెప్పినవన్నీ పనికొచ్చాయి. బిల్లు తగ్గింది. పైవాటాలో ఉండే బస్సు డ్రైవరు భార్య కూడా వచ్చి నేర్చుకుని వెళ్ళింది. అక్కడితో ఆగి ఉంటే మా కథ చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

చలి ముదిరాక ముగ్గురం ముందుగదిలోకి చేరాం. ఆ గది గోడకు గ్యాస్ హీటరు ఒకటి ఉంది. మాకు ముందున్నవాళ్ళు పెట్టించింది. ఒక్క గదే వెచ్చబెట్టుకుని అక్కడే తిని, అక్కడే పడుకుంటే మిగతా ఇల్లు ఎంత చల్లబడ్డా మనకేంటని అత్తయ్య లెక్క. వీధి తలుపుకు కూడా టేపు వేసి మూసేశాం. రాకపోకలన్నీ వంటింటి గుండానే. పగలు మా ఆయన ఎండ పడే వంటింటి కిటికీ దగ్గర బల్ల వేసుకునేవాడు. హీటరు వెలిగించేది సాయంత్రం నేను పనినుంచి వచ్చాకే.

సెలవు రోజొకటి చూసి అత్తయ్య కొవ్వొత్తి వెలిగించారు.

"గాలి మన కంటికి కనపడదు. మంటకి కనపడుతుంది," అన్నారు. గోడ పొడవునా, కిటికీ చట్రాల పక్కనా కొవ్వొత్తి పట్టుకుని నడిచారు. మంట వంగిన చోటల్లా మా ఆయన టేపు వేశాడు. టేపు నిలవని చోట ఆవిడ తన చేత్తో కుట్టిన గుడ్డ దిండ్లు కూరారు. పాత బట్టల పీలికలు కుక్కి, చెయ్యంత పొడవున కుట్టిన సన్నటి దిండ్లవి. నేను కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుని, అక్కడ, ఇక్కడ అని వేలు చూపిస్తున్నాను. కడుపుతో ఉన్నప్పుడు దొరికే పెత్తనం మళ్ళీ మళ్ళీ దొరకదు కదా.

"ఈ కిటికీకి టీకా వేసేశానమ్మా, ఇక జలుబు చెయ్యదు," అన్నాడు మా ఆయన.

చివరికి హీటరుకు పైన, ఇంచుమించు కప్పు దగ్గర, కొవ్వొత్తి మంట పక్కకి పడిపోయింది. అక్కడ అరచేయంత ఇనుప పలక, దాని నిండా జల్లెడ కంతలు.

"అమ్మ దొంగా! ఇక్కడ కూర్చున్నావా!" అన్నారు అత్తయ్య. "మనం డబ్బు తగలేసి గది వెచ్చబెడుతుంటే, వీడు ఇక్కణ్ణుంచి ఊరందరికీ పంచుతున్నాడు."

మా ఆయన స్టూలెక్కి పలకను తట్టి చూశాడు. "దీన్ని ఎవరో కావాలనే పెట్టించారమ్మా. చుట్టూ సిమెంటు కూడా నీటుగా చేశారు."

"ఎండాకాలం ఉక్కపోయకుండా పెట్టించుకునుంటారు. ఎండలొచ్చాక తీసేద్దువుగాని."

నాకూ ఆ మాట సబబుగానే తోచింది. మా ఆయన పాత తలగడ ఒకటి మడిచి కుక్కి, పైన అడ్డంగా, నిలువుగా టేపు వేశాడు. అత్తయ్య కొవ్వొత్తి ఎత్తి చూపించారు. మంట కదలకుండా నిటారుగా నిలబడింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత వారాలు నా పెళ్ళయ్యాక ఎన్నడూ లేనంత వెచ్చగా గడిచాయంటే నమ్మండి. సాయంత్రం వచ్చి ఆ గదిలో అడుగుపెడితే ఒళ్ళంతా సడలిపోయేది. మొదట్లో హీటరు మంట నీలంగా, చిన్నగా ఉండేది. రానురాను పసుపుపచ్చగా, పొడుగ్గా మారింది. "చూశావా, గాలి తగలకపోయేసరికి మంట కూడా ఎంత నిండుగా వస్తోందో," అన్నారు అత్తయ్య. కిటికీ అద్దాల మీద నీళ్ళు ధారలు కట్టేవి. హీటరు పైన గోడ నల్లబడుతుంటే ఆవిడ రోజూ తడిగుడ్డతో తుడిచేవారు. రోజూ మళ్ళీ నల్లబడేది.

నాకు తలనొప్పి మొదలైంది. కణతల దగ్గర పట్టుకుని, నెమ్మదిగా నెత్తికెక్కేది. కడుపులో తిప్పేది, వాంతి అయ్యేది. కడుపుతో ఉన్నదానికి వాంతులు కాక ఏమవుతాయి? మా ఆయనకూ తల దిమ్ముగా ఉండేది. చిన్న చిన్న మరలు చూసీ చూసీ కళ్ళు పోతున్నాయి, అద్దాలు మార్చాలి అనుకున్నాడు. అత్తయ్య భోజనం చేస్తూ చేస్తూ కూర్చున్న చోటే కునికిపాట్లు పడేవారు. పెద్దతనం కదా అనుకున్నాం. ఎవరి నొప్పికి వాళ్ళ దగ్గర ఓ కారణం సిద్ధంగా ఉంది. ముగ్గురికీ కలిపి ఒకే కారణం ఉండొచ్చని ఎవరికి తడుతుంది?

పొద్దున్న ఆ మొహంతోనే లాండ్రీకి పోయేదాన్ని. అక్కడ నాలుగు పక్కలా కిటికీలు బార్లా తీసి ఉంటాయి. లేకపోతే ఆ ఆవిరికి మనుషులు నిలవలేరు. మధ్యాహ్నానికల్లా నా తల తేలికపడేది. లాండ్రీ యజమానురాల్ని మేమంతా పెద్దక్క అనేవాళ్ళం. మంచి మనిషి, నోటికి మాత్రం తాళం లేదు.

"ఏమే, పొద్దున్న పీనుగలా వచ్చావ్, ఇప్పుడు కళకళలాడిపోతున్నావ్?" అంది ఓ రోజు.

"ఏమో పెద్దక్కా. ఇంటికెళ్తే తల పగిలిపోతుంది. ఇక్కడికొస్తే చేత్తో తీసేసినట్టు పోతుంది."

"ఇంట్లో ఎవరుంటారు?"

"ఆయనా, అత్తయ్యా."

"అత్తయ్య ఉందిగా! మరి తలనొప్పి ఎక్కణ్ణుంచొచ్చిందని డాక్టర్ని అడుగుతావా ఏంటి, కొంపదీసి?"

ఇస్త్రీ బల్లల దగ్గరున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అసలు సంగతి నా నోటితోనే చెప్పాను. చెప్పీ చెప్పగానే అది ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

చలి పతాకస్థాయికి వచ్చిన రోజుల్లో పెద్దక్క ఓ సాయంత్రం మా ఇంటికొచ్చింది. నేను మర్చిపోయిన కోటు ఇద్దామని వచ్చింది, పాపం. వంటింట్లో కూర్చోబెట్టి అత్తయ్య టీ ఇచ్చారు. నేను ముందుగదిలో బట్టలు మార్చుకుంటున్నాను. వాళ్ళ మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"మీ కోడలు బంగారం అత్తయ్యా. కానీ ఏం చేశారో ఏంటో, ఈ గడప తొక్కితే తలనొప్పట! మా దగ్గరుంటే హాయట!" అని గలగలా నవ్వింది పెద్దక్క.

అత్తయ్య నవ్వలేదు. పెద్దక్క వెళ్ళాక టీ కప్పు కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని అప్పుడొచ్చారు.

"నేను నీకు తలనొప్పినా అమ్మాయ్?"

"అయ్యో, అలా ఎవరన్నారత్తయ్యా? ఆవిడేదో సరదాకి..."

"ఇంటికొస్తే తలనొప్పి అన్నావా లేదా?"

అనలేదని ఎలా అనను? "అన్నాను. నిజంగానే వస్తోంది. అది మీ వల్ల అని అన్నానా?"

"మరి ఎవరి వల్ల? ఈ ఇంట్లో నేను కాక ఎవరున్నారు? మొగుడి వల్ల తలనొప్పి అని ఏ ఆడదీ బయట చెప్పుకోదు!" ఆవిడ వేళ్ళు చాపి చూపించారు. "నీకు చలి తగలకూడదని వేళ్ళకు సూది పోట్లు పడేలా కుట్టాను. నువ్వు వీధిలో పడి నా పరువు తీశావు. అంతెందుకు, నేనూ చెబుతా విను. పొద్దస్తమానం నాకూ హాయిగానే ఉంటుంది. సాయంత్రం నువ్వొచ్చి ఈ గదిలో కూర్చున్నావంటే చాలు, నాకూ తల తిరుగుతుంది!"

"చూశారా, మీకు నేనంటే గిట్టదని మీరే చెప్పారు!" అన్నాను నేను. నాకూ ముక్కు మీదే కోపం.

మా ఆయన భూతద్దం కంటికి పెట్టుకునే, "ఇద్దరూ కాస్త ఊరుకోండి, నాకు తల పగిలిపోతోంది," అన్నాడు. అంటే ముగ్గురం ఒకే సాయంత్రం, ఒకే గదిలో, ఒకే మాట అన్నాం. ఒకరు చెప్పింది ఇంకొకరికి తిట్టులాగే వినపడింది.

అత్తయ్య ఆ క్షణమే పరుపు చుట్టుకున్నారు. "మీరు చేతులు పట్టుకుని పిలిస్తే తప్ప ఈ గదిలో కాలు పెట్టను," అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. గడ్డకట్టే వంటిల్లది. మా ఆయన వెళ్ళి బతిమాలాడు. నేను వెళ్ళలేదు. ఉదయానికి కోపం చల్లారుతుందిలే అనుకున్నాను. చల్లారలేదు సరికదా, ఆవిడకు అక్కడ ఒంట్లో బాగైంది.

"చూశావమ్మా," అని వంటింటి కిటికీలోంచి డ్రైవరు భార్యతో అంటుంటే విన్నాను. "వాళ్ళ గాలి తగలకుండా ఉంటే నా తల ఎంత తేలిగ్గా ఉందో. కునుకే రావడం లేదు. నేనేమైనా కల్పించి చెబుతున్నానా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాటల్లో పొల్లు లేదని నాకేం తెలుసు?

అలా అలిగి కూడా ఆవిడ దిండు కుట్టడం మానలేదు. వంటింటికీ ముందుగదికీ మధ్య తలుపు కింద సందులోంచి చల్లగాలి కొడుతోందని ఓ రోజు మా ఆయన మాటవరసకు అన్నాడు. మర్నాటికల్లా సందుకు సరిపడా కొత్త దిండు తయారైంది. ఆవిడ తన వైపునుంచి దాన్ని తలుపు కింద పెట్టి, కాలితో లోపలికి నొక్కారు. "నా మీద కోపముంటే ఉండనీ. కడుపులో ఉన్నదానికేం తెలుసు, దానికి చలి తగలకూడదు," అని గొణుక్కోవడం వినపడింది. ఆ ఒక్క సందే మిగిలింది అప్పటికి. అదీ పూడిపోయింది.

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజున పొద్దున్నుంచీ సన్నటి వాన. బయట చీకటి పట్టినట్టుంది. ఎవరిదో పెద్ద గోడగడియారం సాయంత్రానికల్లా ఇవ్వాలని మా ఆయన బల్లను ముందుగదిలోకి లాక్కొచ్చాడు. నేనూ ఇంట్లోనే. అందుకని హీటరు పొద్దున్నే వెలిగించాం. ఆ చలికాలంలో అది పగలంతా వెలగడం అదే మొదటిసారి.

పదింటికో పదకొండింటికో నేను వెళ్ళి కిటికీ పక్క మంచం మీద వాలాను. తల మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టుంది. మా ఆయన కాసేపు పని చేసి, "ఈ చిన్నముల్లు ఎటు తిప్పాలో తోచట్లేదే," అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని చేసే మనిషి. నాకు భయం వేయలేదు. భయపడటానికి కూడా ఓపిక కావాలి. "ఓ కునుకు తీస్తే సర్దుకుంటుంది," అని తలుపు దగ్గర చాప వేసుకుని అడ్డంగా పడుకున్నాడు. తలుపు తీస్తే ఆయన వీపుకే తగులుతుంది, అంత దగ్గర.

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినపడింది. వంట అయిందని, అన్నానికి పిలవడానికి అత్తయ్య కొత్తగా ఓ పద్ధతి పెట్టుకున్నారు. నోరు తెరిచి పిలవరు. గరిటెతో గిన్నె మీద కొడతారు. ఆ రోజూ కొట్టారు. నేను లేద్దామనుకున్నాను. చెయ్యి కదపాలనుకున్నాను. అది నా మాట వినలేదు. ఇంకోసారి గిన్నె మోగింది, ఈసారి గట్టిగా. "ఏవండీ," అన్నాను. అన్నాననుకున్నాను. ఆయన కదలలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకోవాలనిపించింది. అది కూడా చేతకాలేదు. లోపలున్నది రోజూ ఆ వేళకు మసలేది. ఆ రోజు చడీచప్పుడూ లేదు. అప్పుడు, అప్పుడు మాత్రం, నాకు భయం వేసింది. అరవాలనుకుంటుండగానే ఆ భయం కూడా దూరంగా జరిగిపోయింది.

అత్తయ్య చెప్పుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. ఆగింది. వెనక్కి వెళ్ళింది. మేం పంతం పట్టామనుకున్నారు ఆవిడ. పిలిస్తే తప్ప రానన్న మనిషి, మాట తప్పుతారా? కాసేపటికి మళ్ళీ వచ్చారు. మళ్ళీ వెళ్ళారు. నాకు చివరగా గుర్తున్నది ఆ చెప్పులే, దూరమవుతున్న చెప్పులు.

ఆవిడ మూడోసారి ఎందుకొచ్చారో తర్వాత డ్రైవరు భార్య చెప్పింది. అన్నం చల్లారిపోతుంటే వంటింటి కిటికీ దగ్గర నిలబడి అత్తయ్య ఆవిడతో మొరపెట్టుకుంటున్నారట. మాటల మధ్యలో హఠాత్తుగా, "ఆగమ్మా, మొన్న దానికి చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది, ఇప్పుడు తట్టింది!" అని కొంగు బిగించి గిరుక్కున తిరిగారట. మా మీద బెంగతో రాలేదు. అనుమానంతోనూ రాలేదు. పోట్లాటలో ఆఖరి మాట తనదే కావాలని వచ్చారు. "ఇంకోటి వినవే అమ్మాయ్! రేపు నీకూ కోడలొస్తుంది, అప్పుడు..." అని అరుస్తూ తలుపు నెట్టారు. కింద దిండు అడ్డుపడింది. భుజంతో నెట్టారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. అదేమిటో నేనెప్పుడూ అడగలేదు.

మిగతాది డ్రైవరు చెప్పాడు. అత్తయ్య కేక విని ఆయన పైనుంచి పరిగెత్తుకొచ్చేసరికి నేను వంటింటి బయట వానలో, మెట్ల మీద పడి ఉన్నాను. అత్తయ్య నా తలను ఒళ్ళో పెట్టుకుని చెంపలు వాయిస్తున్నారు. "వాడు లోపలున్నాడు, నాకు మోసే శక్తి లేదు, వెళ్ళు నాయనా, వెళ్ళు!" అని అరిచారట. డ్రైవరు స్టూలు విసిరి కిటికీ అద్దం పగలగొట్టి, మా ఆయన్ని చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. అప్పటికి ఆయన పెదాలు గురివింద గింజల్లా ఎర్రగా, బిగుసుకుపోయి ఉన్నాయని చెప్పి, డ్రైవరు మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగింది రెండే ప్రశ్నలు. ఇంట్లో మండేదేమైనా ఉందా? గాలి పోయే దారి ఉందా?

"ఉండేది," అన్నారు అత్తయ్య. "నేనే మూయించాను. దిండ్లు నేనే కుట్టాను బాబూ."

గాలి ఆడక హీటరు సరిగ్గా మండకపోతే విషవాయువు పుడుతుందట. దానికి వాసన ఉండదు, రంగుండదు. ఆ పలక ఎండాకాలం కోసం పెట్టింది కాదు. అసలు చలికాలం కోసమే పెట్టింది. డాక్టరు చెబుతుంటే అత్తయ్య తలూపుతూ కూర్చున్నారు. చెవికెక్కిందో లేదో నాకు తెలియలేదు.

నేను త్వరగానే తేరుకున్నాను. కడుపులో ఉన్నది మర్నాడు కదిలింది. "గుండె కొట్టుకుంటోంది. మిగతాది పుట్టేదాకా చెప్పలేను," అన్నాడు డాక్టరు. మా ఆయన కళ్ళు తెరవడానికి చాలా ఆలస్యమైంది. కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఈవిడెవరమ్మా?" అన్నాడు. ఆ సాయంత్రానికి నన్ను గుర్తుపట్టాడులెండి. కానీ ఆ మనిషిలో ఎక్కడో ఏదో సడలిపోయింది. అది మళ్ళీ బిగియలేదు.

మిగిలిన చలికాలమంతా కిటికీలు తీసుకుని, కప్పుకోగలిగినవన్నీ కప్పుకుని గడిపాం. గ్యాసు మనిషి వచ్చి హీటరు విప్పుకుపోయాడు. అత్తయ్య దిండ్లన్నీ పోగేసి, కుట్లు విప్పి, పీలికలు పీలికలుగా చెత్తలో వేశారు. ఆ నెల వచ్చిన బిల్లు మా ఇంటికి ఎప్పుడూ రానంత తక్కువ. ఎవరూ దాన్ని విప్పి చూడలేదు. అత్తయ్య పొద్దున్నే మీటరు దగ్గరికి వెళ్ళడం మానేశారు.

ఆ తర్వాత నేను పడిన నరకం పగవాళ్ళకి కూడా వద్దు. కడుపు పెరిగేకొద్దీ భయం పెరిగింది. అత్తయ్య నాతో మాట్లాడేవారు గానీ నా కడుపు వైపు చూసేవారు కాదు. ఎండలు ముదిరే ముందు పాప పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. అత్తయ్య గోడకు ఆనుకుని కూలబడి, పాపకంటే గట్టిగా ఏడ్చారు. కాళ్ళూ చేతులూ, చూపూ అన్నీ సరిగ్గా ఉన్నాయని డాక్టరు చెప్పాడు. ఇవాళ్టికీ ఉన్నాయి.

మా ఆయన మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. గడియారం విప్పుతాడు. విప్పిన వరస సగంలో మర్చిపోతాడు. అందుకని అత్తయ్య పక్కనే కూర్చుని, ఆయన తీసిన ఒక్కో మరనూ గుడ్డ మీద వరసగా పేరుస్తారు. మళ్ళీ బిగించేటప్పుడు చివర్నుంచి ఒక్కొక్కటే అందిస్తారు. ఒక గడియారానికి రోజంతా పడుతుంది. ఆవిడ విసుక్కోగా నేను చూడలేదు. ఏ పనికైనా వంకలు పెట్టే మనిషి, ఆ పనికి మాత్రం పెట్టరు.

ఓ మధ్యాహ్నం పాపను ఒళ్ళో వేసుకుని నేను వాళ్ళ పక్కనే కూర్చున్నాను. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఆయన చేతిలో మరను అలాగే పట్టుకుని ఆగాడు.

"అమ్మా, ఆ రోజు నేనెక్కడ పడుకున్నాను?"

అత్తయ్య చెయ్యి గుడ్డ మీదే ఆగిపోయింది. తలుపు నెట్టగానే ఆవిడ కాళ్ళకు తగిలింది కొడుకే. కన్నకొడుకుని దాటుకుని, గది చివర కిటికీ దాకా వచ్చి, నన్నూ నాలో ఉన్నదాన్నీ ఈడ్చుకుంటూ మళ్ళీ ఆయన మీదుగానే బయటికి తీసుకెళ్ళారు. ఇది నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. మేమిద్దరం దీని గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

"కిటికీ దగ్గర," అన్నారు అత్తయ్య. "నువ్వు అవతల కిటికీ దగ్గరున్నావు నాన్నా. అమ్మాయి తలుపు దగ్గరుంది. అందుకే ముందు తను అందింది."

ఆయన ఏదో అందీ అందనట్టు కనుబొమ్మలు ముడిచాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అంతేనా?"

అత్తయ్య తలెత్తలేదు. గుడ్డ మీద మరల వరస సర్దుతున్నారు, సర్దిన వాటినే మళ్ళీ సర్దుతున్నారు.

"అంతేనండీ," అన్నాను. "తలుపు దగ్గరున్నది నేనే."